మైఎస్‌క్యూఎల్ రూట్ పాస్‌వర్డ్ తెలియడం లేదు, సర్వర్ ఎక్కువసేపు ఆపకుండా మార్చే దారి ఉందా?

వేకువ:
అందరికీ నమస్కారం. ఉబుంటు 22.04 మీద నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్ సర్వర్ బాధ్యత ఈ మధ్య నాకు అప్పగించారు. అంతకుముందు చూసుకున్నవారు ఉద్యోగం మానేశారు. అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతా పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టి లేదు. లినక్స్ మీద నాకు సుడో అధికారం, అంటే నిర్వాహకుడిగా ఆజ్ఞలు నడిపే అధికారం, ఉంది. రూట్‌గా లాగిన్ కావాలని చూస్తే 1045 ఎర్రర్, "యాక్సెస్ డినైడ్" అని, చివర "యూజింగ్ పాస్‌వర్డ్: యెస్" అని వస్తోంది. ఈ డేటాబేస్ మీద రెండు అప్లికేషన్లు పగలంతా పనిచేస్తూ ఉంటాయి. ఎక్కువసేపు ఆపడం కుదరదు. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని ఒకరు సలహా ఇచ్చారు, అది సరైన మార్గమేనా?

గుప్తలిపి:
వేకువ గారూ, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలన్న ఆలోచనను ఇక్కడే వదిలేయండి. పాస్‌వర్డ్ ఉండేది ప్రోగ్రామ్‌లో కాదు, డేటా డైరెక్టరీలోని మైఎస్‌క్యూఎల్ అనే సిస్టమ్ డేటాబేస్‌లో, యూజర్ పట్టికలో. ప్రోగ్రామ్ తీసేసి డేటా డైరెక్టరీని ఉంచితే పాత పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. డేటా డైరెక్టరీని కూడా తీసేస్తే పాస్‌వర్డ్‌తో పాటు మీ సమాచారమంతా పోతుంది. మొదటిది పనికిరాదు, రెండోది ప్రమాదం.

మార్చే ముందు అసలు లోపం పాస్‌వర్డ్‌లోనే ఉందా అని చూడండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా సర్వర్‌ను ఆపేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌ను కొత్తగా పెట్టినప్పుడు రూట్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉండదు. ఆథ్-సాకెట్ అనే ప్లగిన్ ఉంటుంది. మీరు లినక్స్‌లో రూట్ అయితే చాలు, లోపలికి రానిస్తుంది. అందుకే "సుడో మైఎస్‌క్యూఎల్" అని మాత్రమే కొట్టి చూడండి. ఆ ప్లగిన్ ఉన్న ఖాతాలోకి మామూలు వినియోగదారుగా రావాలని చూస్తే వచ్చేది 1698 ఎర్రర్. మీకు 1045 వస్తోంది కాబట్టి మీకన్నా ముందు చూసినవారు దాన్ని పాస్‌వర్డ్ పద్ధతికి మార్చి ఉంటారని నా అంచనా. అయినా ప్రయత్నించి చూడటానికి ఖర్చేమీ లేదు.

ఇంకొకటి. మీ హోమ్ డైరెక్టరీలో, రూట్ హోమ్ డైరెక్టరీలో ".మై.సీఎన్ఎఫ్" అనే దాచిన ఫైలు ఉందేమో చూడండి. మీరు పాస్‌వర్డ్ ఇవ్వకపోయినా క్లయింట్ దానిలో ఉన్న పాత పాస్‌వర్డ్‌ను పంపుతుంది. "నో-డిఫాల్ట్స్" ఆప్షన్‌ను మొదట పెట్టి నడిపితే ఆ ఫైలు జోలికి పోదు. ఆ ఫైల్లో రాసిన పాస్‌వర్డ్ మధ్యలో హ్యాష్ గుర్తు (#) ఉంటే, కొటేషన్లు లేకపోతే, అక్కడినుంచి మిగతాదంతా వ్యాఖ్యగా లెక్కపెడుతుంది. సరైన పాస్‌వర్డ్ రాసిపెట్టి కూడా లోపలికి వెళ్లలేకపోవడానికి ఇదొక కారణం.

మర్రినీడ:
ఇంత పరిశీలన ఎందుకండీ. సర్వర్ ఆపండి, స్కిప్-గ్రాంట్-టేబుల్స్ ఆప్షన్‌తో మొదలుపెట్టండి, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వెళ్తారు. యూజర్ పట్టికలో పాస్‌వర్డ్ అనే కాలమ్‌ను పాస్‌వర్డ్ ఫంక్షన్‌తో అప్‌డేట్ చేయండి, మళ్లీ మామూలుగా నడపండి. ఏళ్లుగా అందరూ చేస్తున్న పద్ధతి ఇదే.

గుప్తలిపి:
మర్రినీడ గారూ, ఆ ఆప్షన్ ఇప్పటికీ పనిచేస్తుంది. కానీ మీరు చెప్పిన రెండో సగం 8.0లో పనిచేయదు. పాస్‌వర్డ్ అనే కాలమ్ 5.7లోనే పోయింది, దాని స్థానంలో ఆథెంటికేషన్-స్ట్రింగ్ అనే కాలమ్ ఉంది. పాస్‌వర్డ్ ఫంక్షన్‌ను 8.0.11లో పూర్తిగా తొలగించారు. ఆథెంటికేషన్-స్ట్రింగ్‌లో ఎవరైనా చేత్తో మామూలు అక్షరాలు రాసిపెడితే, సర్వర్ దాన్ని హ్యాష్ (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేనట్టు మార్చిన రూపం) అనుకుని పోల్చుకుంటుంది. ఇక ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా సరిపోలదు. పట్టికను నేరుగా ముట్టుకోకుండా, ఖాతాను మార్చే ఆల్టర్ యూజర్ ఆజ్ఞనే వాడాలి.

అక్కడ ఒక మెలిక ఉంది. స్కిప్-గ్రాంట్-టేబుల్స్‌తో నడుస్తున్నప్పుడు ఆల్టర్ యూజర్ కొడితే 1290 ఎర్రర్ వస్తుంది. అధికారాల పట్టికలను సర్వర్ చదవనే లేదు కదా, వాటిని ఎలా మారుస్తుంది? ముందు ఫ్లష్ ప్రివిలేజెస్ కొట్టాలి. అప్పుడు పట్టికలు మెమరీలోకి వస్తాయి, ఆ తరువాత ఆల్టర్ యూజర్ పనిచేస్తుంది.

భద్రత సంగతి అంతకన్నా ముఖ్యం. ఆ ఆప్షన్‌తో సర్వర్ మొదలయ్యాక ఫ్లష్ ప్రివిలేజెస్ కొట్టేదాకా ఎవరు కనెక్ట్ అయినా సంపూర్ణ అధికారం దక్కుతుంది. 8.0లో ఈ ఆప్షన్ పెట్టగానే నెట్‌వర్క్ కనెక్షన్లు వాటంతట అవే మూసుకుంటాయి. 5.7లో అలా కాదు, స్కిప్-నెట్‌వర్కింగ్ అని మీరే విడిగా చేర్చాలి. నెట్‌వర్క్ మూసుకున్నా అదే యంత్రం మీద ఉన్న అప్లికేషన్లు సాకెట్ (నెట్‌వర్క్ లేకుండా యంత్రం లోపలే కనెక్ట్ అయ్యే దారి) ద్వారా వస్తూనే ఉంటాయి. ఇంటి తాళం పోయిందని తలుపే పీకేసి పని చేసుకోవడం లాంటిది ఇది. అవసరమైతే తప్ప చేయకూడదు, చేస్తే కళ్లు తిప్పకుండా అక్కడే ఉండాలి.

నిర్వహణ:
ఒక మనవి. ఇక్కడ చెప్పే ప్రతి పద్ధతికీ ఆ యంత్రం మీద ఆపరేటింగ్ సిస్టమ్ అధికారం ఉండాలి. అది ఉన్నవారికి డేటా ఫైళ్లు ఎలాగూ అందుబాటులోనే ఉంటాయి కాబట్టి ఈ చర్చ వల్ల కొత్తగా ఎవరికీ దొంగదారి తెరుచుకోదు. అయినా వేకువ గారూ, మొదలుపెట్టే ముందు మీ పై అధికారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే అది మీకే రక్ష.

వేకువ:
అనుమతి మెయిల్‌లో వచ్చింది. "సుడో మైఎస్‌క్యూఎల్" కూడా 1045 తోనే వెనక్కి పంపింది, "యూజింగ్ పాస్‌వర్డ్: నో" అని. రూట్ హోమ్ డైరెక్టరీలో ఆ దాచిన ఫైలు లేదు. అంటే గుప్తలిపి గారి అంచనా నిజమే, రూట్ ఖాతా పాస్‌వర్డ్ పద్ధతిలోనే ఉంది.

గుప్తలిపి:
అయితే సర్వర్‌ను ఆపకుండా చేయగలిగినవి రెండు ఉన్నాయి. రెండూ చూడండి.

ఒకటి, డెబియన్-సిస్-మెయింట్ అనే ఖాతా. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు సర్వర్‌ను నిర్వహించుకోవడానికి సృష్టించుకునే ఖాతా ఇది. దీని పాస్‌వర్డ్ "/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/డెబియన్.సీఎన్ఎఫ్" ఫైల్లో ఉంటుంది, సుడోతో చదవవచ్చు. "డిఫాల్ట్స్-ఫైల్" ఆప్షన్‌కు ఆ ఫైలు దారి ఇచ్చి క్లయింట్‌ను నడిపితే నేరుగా లోపలికి వెళ్తారు. దానికి అధికారాలన్నీ ఉంటాయి కాబట్టి అక్కడినుంచే రూట్ పాస్‌వర్డ్ మార్చవచ్చు.

రెండోది, మరో నిర్వాహక ఖాతా. బ్యాకప్ కోసమో పర్యవేక్షణ కోసమో పాతవారు ఇంకో ఖాతా పెట్టి ఉండవచ్చు. క్రాన్ పనులు (నిర్ణీత సమయానికి వాటంతట అవే నడిచేవి), బ్యాకప్ స్క్రిప్టులు వెతకండి. దానికి క్రియేట్ యూజర్ అధికారం ఉంటే ఆల్టర్ యూజర్ చేయవచ్చు. కాకపోతే 8.0.16 నుంచి సిస్టమ్-యూజర్ అనే అధికారం వచ్చింది. అది ఉన్న ఖాతాను మార్చాలంటే మార్చేవారికీ అది ఉండాలి.

వేకువ:
డెబియన్-సిస్-మెయింట్ ఫైలు ఉంది, పాస్‌వర్డ్ కూడా కనిపిస్తోంది. కానీ దానితో కూడా 1045 వస్తోంది. బ్యాకప్ స్క్రిప్టు ఉంది గానీ దాని ఖాతాకు చదివే అధికారం మాత్రమే ఉంది.

మర్రినీడ:
డేటాను వేరే యంత్రం నుంచి తెచ్చి ఇక్కడ పెట్టి ఉంటారండీ. యూజర్ పట్టిక ఆ పాత యంత్రంది, ఫైల్లోని పాస్‌వర్డ్ ఈ కొత్త యంత్రంలో ప్యాకేజీ పెట్టినప్పుడు పుట్టినది. రెండూ కలవవు. సర్వర్లు మార్చిన చోట ఇది తరచుగా కనిపిస్తుంది. రూట్ పని పూర్తయ్యాక డెబియన్-సిస్-మెయింట్ పాస్‌వర్డ్‌ను కూడా ఫైల్లో ఉన్నదానికి సరిపోయేలా మార్చేయండి.

గుప్తలిపి:
మర్రినీడ గారు సరిగ్గా పట్టుకున్నారు. ఇక ఒకసారి రీస్టార్ట్ చేయక తప్పదు. అయితే ఒక్కసారే. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ మొదట చెప్పే పద్ధతి ఇనిట్-ఫైల్. నేనూ దాన్నే గట్టిగా సమర్థిస్తాను.

ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో ఒకే వరుసలో ఆల్టర్ యూజర్ ఆజ్ఞ రాయండి: రూట్ ఎట్ లోకల్‌హోస్ట్, ఐడెంటిఫైడ్ బై, కొత్త పాస్‌వర్డ్, చివర సెమీకోలన్. ఆ ఫైలు మైఎస్‌క్యూఎల్ అనే లినక్స్ వినియోగదారుకు మాత్రమే చదవడానికి వీలుండాలి. "/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మైఎస్‌క్యూఎల్.కాన్ఫ్.డి" డైరెక్టరీలో కొత్త కాన్ఫిగ్ ఫైలు పెట్టి, మైఎస్‌క్యూఎల్‌డి విభాగం కింద ఇనిట్-ఫైల్ అన్న వరుసలో ఆ టెక్స్ట్ ఫైలు దారి ఇవ్వండి. సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. మొదలయ్యేటప్పుడు ఆ ఆజ్ఞ నడుస్తుంది, పాస్‌వర్డ్ మారుతుంది, ఆ తరువాత సర్వర్ మామూలుగానే పనిచేస్తుంది. అధికారాల తనిఖీ ఒక్క క్షణం కూడా ఆగదు. స్కిప్-గ్రాంట్-టేబుల్స్‌తో అయితే అటు ఒక రీస్టార్ట్, ఇటు ఒక రీస్టార్ట్, మధ్యలో అందరికీ తెరిచిన సర్వర్.

పని కాగానే టెక్స్ట్ ఫైలును, కాన్ఫిగ్‌లోని ఆ వరుసను రెండింటినీ కలిపి తీసేయండి. ఫైలు మాత్రమే తీసేసి వరుసను వదిలేస్తే తరువాతి రీస్టార్ట్‌లో ఇనిట్-ఫైల్ దొరకలేదని సర్వర్ లేవదు. వరుసను తీసేసి ఫైలును వదిలేస్తే పాస్‌వర్డ్ డిస్క్ మీద పచ్చిగా పడి ఉంటుంది.

ఆపేటప్పుడు సిస్టమ్‌సీటీఎల్ ద్వారానే ఆపండి. కిల్ ఆజ్ఞకు మైనస్ తొమ్మిది ఇచ్చి ప్రాసెస్‌ను చంపవద్దు. ఆపాక వీలుంటే డేటా డైరెక్టరీకి ఒక నకలు తీసి పెట్టుకోండి.

వేకువ:
మధ్యాహ్నం విరామ సమయంలో ప్రయత్నించాను. సర్వర్ లేవలేదు. ఎర్రర్ లాగ్‌లో ఇనిట్-ఫైల్‌ను చదవలేకపోతున్నానని ఉంది. ఫైలు నా హోమ్ డైరెక్టరీలో ఉంది, అనుమతులు కూడా ఇచ్చాను. ప్రస్తుతానికి ఆ వరుస తీసేసి పాత స్థితికి తెచ్చాను, అప్లికేషన్లు నడుస్తున్నాయి.

మర్రినీడ:
యాప్ఆర్మర్. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ ఏయే డైరెక్టరీలు చదవవచ్చో అదే నిర్ణయిస్తుంది. ఫైలు అనుమతులు ఎంత సరిగా ఉన్నా మీ హోమ్ డైరెక్టరీ దాని జాబితాలో లేదు. పైగా హోమ్ డైరెక్టరీ లోపలికి రావడానికే మైఎస్‌క్యూఎల్ వినియోగదారుకు అనుమతి ఉండదు. ఫైలును "/వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్-ఫైల్స్" డైరెక్టరీలో పెట్టండి, అది ప్రొఫైల్‌లో ఉంటుంది. యాప్ఆర్మర్‌నే ఆపేయమని చెప్పే సలహాలు చాలాచోట్ల కనిపిస్తాయి, వాటిని వినకండి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇదే పాత్ర ఎస్ఈలినక్స్‌ది.

వేకువ:
అయిపోయింది! డైరెక్టరీ మార్చి రీస్టార్ట్ చేయగానే సర్వర్ లేచింది, కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాను. ఫైలూ వరుసా రెండూ తీసేశాను. డెబియన్-సిస్-మెయింట్‌ను కూడా సరిచేశాను. మర్రినీడ గారికీ గుప్తలిపి గారికీ ఎంతో రుణపడి ఉంటాను.

కానీ ఇప్పుడు ఇంకో సంగతి బయటపడింది. రెండు అప్లికేషన్లలో ఒకటి ఆగిపోయింది. దాని కాన్ఫిగ్ తెరిచి చూస్తే అది రూట్ ఖాతాతోనే కనెక్ట్ అవుతోంది! పాత పాస్‌వర్డ్ ఇన్నాళ్లూ ఆ ఫైల్లోనే ఉంది.

గుప్తలిపి:
ఆ కాన్ఫిగ్‌లో కొత్త రూట్ పాస్‌వర్డ్ రాసి ఊరుకోకండి, దయచేసి. ఇప్పటికిప్పుడు నడవాలి కాబట్టి తాత్కాలికంగా రాసినా, ఈ రోజే ఆ అప్లికేషన్‌కు విడిగా ఒక ఖాతా సృష్టించండి. దాని డేటాబేస్ మీద సెలెక్ట్, ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్ అధికారాలు మాత్రమే ఇవ్వండి. రూట్‌తో నడిచే అప్లికేషన్‌లో ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (బయటివారు తమ డేటాబేస్ ఆజ్ఞలను చొప్పించగల లోపం) ఉంటే చాలు, దాడి చేసినవారి చేతికి ఆ ఒక్క డేటాబేస్ కాదు, సర్వర్ మొత్తం వెళ్తుంది. అది నడిచాక రూట్ పాస్‌వర్డ్‌ను మళ్లీ మార్చండి, ఎందుకంటే అప్పటికి అది ఒక ఫైల్లోకి ఎక్కి ఉంటుంది.

పాత అప్లికేషన్ అయితే కొత్త ఖాతాతో కనెక్ట్ కాకపోవచ్చు. 8.0లో కొత్త ఖాతాలకు క్యాషింగ్-షా2-పాస్‌వర్డ్ ప్లగిన్ వస్తుంది, పాత డ్రైవర్లకు అది అర్థం కాదు. మైఎస్‌క్యూఎల్-నేటివ్-పాస్‌వర్డ్‌కు వెనక్కి వెళ్లడం సులభమే, కానీ 8.4లో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు, 9.0లో తీసేశారు. డ్రైవర్‌ను మార్చడమే మేలు.

ఇకముందు అప్లికేషన్ ఖాతా పాస్‌వర్డ్ మార్చాలంటే ఏదీ ఆగనవసరం లేదు. 8.0.14 నుంచి ఒక ఖాతాకు రెండు పాస్‌వర్డ్‌లు ఉండవచ్చు. ఆల్టర్ యూజర్ చివర రిటైన్ కరెంట్ పాస్‌వర్డ్ అని చేరిస్తే పాతదీ పనిచేస్తుంది, కొత్తదీ పనిచేస్తుంది. అన్నిచోట్లా కొత్తది పెట్టాక డిస్కార్డ్ ఓల్డ్ పాస్‌వర్డ్ అని పాతదాన్ని తీసేయవచ్చు. ఇంత మంచి సౌకర్యాన్ని ఇంత తక్కువ మంది వాడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అల:
ఈ చర్చ చదివి నా సందేహం కూడా అడుగుతున్నాను. నేను డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌లను కంటైనర్లలో విడివిడిగా నడిపే సాధనంలో, మైఎస్‌క్యూఎల్ నడుపుతున్నాను. కంపోజ్ ఫైల్లో మైఎస్‌క్యూఎల్-రూట్-పాస్‌వర్డ్ అనే వేరియబుల్ విలువ మార్చి కంటైనర్‌ను తీసేసి మళ్లీ సృష్టించాను. అయినా పాత పాస్‌వర్డే అడుగుతోంది. ఎందుకు?

మర్రినీడ:
ఆ వేరియబుల్‌ను చూసేది డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు, మొట్టమొదటిసారి మాత్రమే. మీ డేటా వాల్యూమ్‌లో (కంటైనర్ తీసేసినా మిగిలే నిల్వలో) భద్రంగా ఉంది కాబట్టి ఆ తరువాత ఎన్నిసార్లు మార్చినా దాన్ని పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ ఇమేజ్ కూడా అంతే. వాల్యూమ్ తీసేయమని ఎవరైనా చెబితే వద్దు, డేటా పోతుంది. పాత పాస్‌వర్డ్ మీకు తెలుసు కదా, లోపలికి వెళ్లి ఆల్టర్ యూజర్ కొట్టండి. ఒక్క జాగ్రత్త: ఆ అధికారిక ఇమేజ్ మామూలుగా రెండు రూట్‌లను సృష్టిస్తుంది, ఒకటి లోకల్‌హోస్ట్‌కు, ఇంకొకటి శాతం గుర్తుతో అన్ని హోస్ట్‌లకు. మైఎస్‌క్యూఎల్‌కు ఇవి రెండు వేర్వేరు ఖాతాలు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరిచిపోతే పాత పాస్‌వర్డ్‌తో బయటనుంచి రావడానికి దారి అలాగే ఉంటుంది.

పట్టిక:
పోస్ట్‌గ్రెస్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అక్కడ స్కిప్-గ్రాంట్-టేబుల్స్ లాంటిది అక్కరలేదు. ఎవరు ఎక్కడినుంచి ఏ పద్ధతిలో రావచ్చో పీజీ-హెచ్‌బీఏ.కాన్ఫ్ అనే ఫైలు చెబుతుంది. డెబియన్ తరహా వ్యవస్థల్లో లోకల్ కనెక్షన్‌కు పోస్ట్‌గ్రెస్ ఖాతా పీర్ పద్ధతిలో ఉంటుంది. అంటే లినక్స్‌లో పోస్ట్‌గ్రెస్ వినియోగదారుగా మారి పీఎస్‌క్యూఎల్ కొడితే చాలు. లోపల బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ అనే ఆజ్ఞ వాడండి. అది పాస్‌వర్డ్‌ను క్లయింట్‌లోనే హ్యాష్ చేసి పంపుతుంది కాబట్టి సర్వర్ లాగ్‌లో పచ్చిగా పడదు. ఆల్టర్ రోల్ చేత్తో రాస్తే, స్టేట్‌మెంట్ల లాగింగ్ ఆన్‌లో ఉన్నచోట అది లాగ్‌లోకి ఎక్కే ప్రమాదం ఉంది.

పీర్ వరుస లేకపోతే కాసేపు ట్రస్ట్ (పాస్‌వర్డ్ లేకుండా రానిచ్చే పద్ధతి) పెట్టి, రీలోడ్ చేసి, మార్చుకుని, వెంటనే వెనక్కి తీయాలి. రీస్టార్ట్ అక్కరలేదు, ఉన్న కనెక్షన్లు తెగవు. ఆ ఫైల్లో పైనుంచి మొదట సరిపోలిన వరుసే చెల్లుతుంది, అందుకే ట్రస్ట్ వరుసను అన్నిటికన్నా పైన పెట్టాలి. అందులో "ఆల్" అని రాయకుండా లోకల్, పోస్ట్‌గ్రెస్ ఖాతా అని మాత్రమే రాయండి.

కిటికీ:
విండోస్ మీద మైఎస్‌క్యూఎల్ ఉన్నవారికి: అక్కడ కూడా ఇనిట్-ఫైల్ పద్ధతే. సర్వీసెస్‌లో మైఎస్‌క్యూఎల్‌ను ఆపి, నిర్వాహకుడిగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మైఎస్‌క్యూఎల్‌డిని ఇనిట్-ఫైల్ ఆప్షన్‌తో నడపాలి. ఇన్‌స్టాలర్‌తో పెట్టినవారు సర్వీస్ ప్రాపర్టీస్‌లో కనిపించే డిఫాల్ట్స్-ఫైల్ దారిని కూడా ఇవ్వాలి, లేకపోతే డేటా డైరెక్టరీ ఎక్కడుందో దానికి తెలియదు. దారిలో బ్యాక్‌స్లాష్‌లు రెండేసి రాయండి.

మా దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ఉంది. దాని నిర్వాహక ఖాతా అయిన ఎస్ఏ పాస్‌వర్డ్ పోతే ఇలాంటి దారి దానికి ఉందా?

పట్టిక:
ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను సింగిల్ యూజర్ మోడ్‌లో, అంటే మైనస్ ఎం అనే స్టార్టప్ పారామీటర్‌తో మొదలుపెట్టండి. ఆ స్థితిలో ఆ యంత్రంలో అడ్మినిస్ట్రేటర్స్ గుంపులో ఉన్నవారు ఎవరైనా సిస్‌అడ్మిన్‌గా, అంటే పూర్తి అధికారంతో, కనెక్ట్ కాగలరు. ముందుగా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్‌ను ఆపండి, లేకపోతే ఉన్న ఒక్క కనెక్షన్‌నూ అదే పట్టుకుంటుంది. లోపలికి వెళ్లాక మీ విండోస్ ఖాతాను సిస్‌అడ్మిన్ పాత్రలో చేర్చుకుని, మామూలు మోడ్‌లోకి వచ్చి ఎస్ఏ సంగతి చూడండి. మిక్స్‌డ్ మోడ్ (విండోస్ ఖాతాలతో పాటు ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత ఖాతాలనూ రానిచ్చేది) ఆన్‌లో లేకపోతే ఎస్ఏ పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా లాగిన్ కాదు. లినక్స్ మీద అయితే సర్వీస్ ఆపి, ఎంఎస్ఎస్‌క్యూఎల్-కాన్ఫ్ ఉపకరణంలో సెట్-ఎస్ఏ-పాస్‌వర్డ్ ఆజ్ఞ ఇస్తే సరిపోతుంది.

అల:
రెండు రూట్‌లనూ మార్చాను, పనిచేస్తోంది. ఇంకొక్క సందేహం. నేర్చుకుంటున్న సర్వర్‌లో నా మిత్రురాలు పొరపాటున రూట్ ఖాతానే డ్రాప్ చేసింది. ఇప్పుడు ఆల్టర్ చేయడానికి ఖాతాయే లేదు. ఇనిట్-ఫైల్‌లో ఏమి రాయాలి?

గుప్తలిపి:
ఇనిట్-ఫైల్ ఇక్కడా పనికొస్తుంది. ఆల్టర్‌కు బదులు మొదటి వరుసలో క్రియేట్ యూజర్, రెండో వరుసలో గ్రాంట్ ఆల్ రాయండి. గ్రాంట్ అన్ని డేటాబేస్‌లకూ అని చుక్కకు రెండు వైపులా నక్షత్రం గుర్తులతో ఉండాలి, చివర విత్ గ్రాంట్ ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే ఆ రూట్ ఇంకెవరికీ అధికారాలు పంచలేదు.

పేరు, హోస్ట్ రెండూ పాతవాటితో అక్షరం తేడా లేకుండా ఉండాలి. వ్యూలు, స్టోర్డ్ ప్రొసీజర్లు ఎవరి పేరున సృష్టించారో ఆ డెఫైనర్ పేరు వాటిలో నిలిచిపోతుంది. రూట్ ఎట్ లోకల్‌హోస్ట్ పేరున ఉన్నవి, ఆ ఖాతా లేనంతకాలం 1449 ఎర్రర్ ఇస్తాయి. అదే పేరుతో ఖాతా తిరిగి రాగానే వాటంతట అవే పనిచేస్తాయి. శాతం గుర్తుతో సృష్టించి ఊరుకుంటే పనిచేయవు.